లూపస్‌కు కొత్త మందు: టార్గెట్ ఎంపిక నుంచి మూడో దశ ట్రయల్ దాకా

ఒంటి రోగనిరోధక వ్యవస్థ సొంత కణజాలం మీదే తిరగబడే జబ్బు లూపస్. అందులో విఫలమైన ట్రయళ్లను (మనుషుల్లో జరిపే మందు పరీక్షలను) వరుసగా చదివితే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. చాలా సందర్భాల్లో లోపం మందులో ఎంత ఉందో, దాన్ని తూచిన తక్కెడలోనూ అంతే ఉంది. హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు అమెరికాలో లూపస్ కోసం అనుమతి దొరికింది 1955లో. ఆ తర్వాత 2011లో బెలిముమాబ్ వచ్చేదాకా, అంటే అర్ధ శతాబ్దానికి పైగా, లూపస్ కోసమే పరీక్షించి అనుమతించిన కొత్త మందు ఒక్కటీ లేదు. ఆ మధ్యకాలంలో ప్రయత్నాలు జరగకపోలేదు. జరిగిన ప్రయత్నాలు ఎక్కడ బెడిసికొట్టాయో తెలుసుకుంటే, కొత్తగా మొదలుపెట్టేవారికి సగం దారి సుగమం అవుతుంది.

ఇది లూపస్ మందు మీద పనిచేయబోయే వైద్యులు, పరిశోధకులు, ట్రయల్ సమన్వయకర్తల కోసం. ట్రయల్‌లో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్న రోగులకు కూడా ప్రోటోకాల్‌లో ఏం చూడాలో ఇందులో దొరుకుతుంది.

టార్గెట్: ముందు మనిషిలో వెతకండి

టార్గెట్ అంటే మందు గురిపెట్టే ప్రోటీన్. ఏదైనా ప్రోటీన్‌ను అడ్డుకోవాలని నిర్ణయించుకునే ముందు మూడు ప్రశ్నలకు జవాబులు రాసి పెట్టుకోండి. ఆ మార్గంలో జన్యు మార్పు ఉన్న మనుషులకు లూపస్ వస్తోందా? అదే మార్గాన్ని మందుతో ఉసిగొల్పితే లూపస్ లాంటి జబ్బు పుడుతోందా? జబ్బు పట్టిన చర్మంలో, కిడ్నీలో ఆ మార్గం నడుస్తున్న ఆనవాళ్లు ఉన్నాయా?

టైప్ 1 ఇంటర్‌ఫెరాన్ (వైరస్ సోకినప్పుడు కణాలు విడుదల చేసే సంకేత ప్రోటీన్) ఈ మూడింటికీ నిలబడుతుంది. హెపటైటిస్‌కు ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో కొందరికి లూపస్ లక్షణాలు కనిపించాయి. ఎక్కువమంది రోగుల రక్తంలో ఇంటర్‌ఫెరాన్ ప్రేరేపించే జన్యువులు పెద్ద గొంతుతో పలుకుతుంటాయి. ఇంటర్‌ఫెరాన్ తయారీని రెచ్చగొట్టే టీఎల్ఆర్7 జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల చిన్న వయసులో లూపస్ వచ్చిన కేసును 2022లో నేచర్ పత్రిక ప్రచురించింది. ఆ ఇంటర్‌ఫెరాన్ గ్రాహకాన్ని మూసేసే అనిఫ్రొలుమాబ్‌కు 2021లో అనుమతి రావడం కాకతాళీయం కాదు.

రక్తపరీక్షలో కనిపించేదల్లా జబ్బుకు కారణమని మాత్రం అనుకోవద్దు. అబెటిమస్ అనే మందు సొంత డీఎన్ఏ మీద దాడిచేసే యాంటీ డీఎస్ డీఎన్ఏ యాంటీబాడీలను నిజంగానే తగ్గించింది. కానీ కిడ్నీ జబ్బు తిరగబెట్టడాన్ని వాయిదా వేయలేకపోయింది. చివరి ట్రయల్‌ను 2009లో మధ్యంతర విశ్లేషణ తర్వాత ఆపేశారు. యాంటీబాడీ స్థాయి తగ్గడం మంచి సూచనే. మందు పనిచేసిందనడానికి అదొక్కటే రుజువు కాదు.

టార్గెట్ సరైనదై, మందు నిర్మాణం తప్పయ్యే సందర్భమూ ఉంది. రోగనిరోధక కణాలు ఒకదాన్నొకటి ఉత్తేజపరచుకునే సీడీ40 లైగాండ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకున్న తొలి యాంటీబాడీలతో రక్తనాళాల్లో గడ్డలు కట్టాయి. కారణం టార్గెట్‌లో లేదు, యాంటీబాడీ తోక భాగంలో ఉంది: ఎఫ్‌సీ అనే ఆ తోక ప్లేట్‌లెట్ల మీది గ్రాహకాలను పట్టుకుని వాటిని రెచ్చగొట్టింది. తోక తీసేసి తయారుచేసిన డాపిరోలిజుమాబ్ పెగోల్ 2024లో మూడో దశ ట్రయల్‌లో నెగ్గింది. కాబట్టి ఒక ప్రమాదం కనిపించగానే మార్గం మొత్తాన్నీ వదిలేయకండి. ప్రమాదం అణువులో ఏ ముక్క వల్ల వచ్చిందో తేల్చండి.

ఎలుకల ప్రయోగాలు

లూపస్ లాంటి జబ్బు వచ్చే ప్రయోగశాల ఎలుకలైన ఎన్‌జెడ్‌బీ/డబ్ల్యూ ఎఫ్1 ఆడ ఎలుకలు, ఎంఆర్ఎల్/ఎల్‌పీఆర్, బీఎక్స్ఎస్‌బీ మగ ఎలుకలు, ప్రిస్టేన్ నూనె ఎక్కించిన ఎలుకలు: ఈ నాలుగూ నాలుగు రకాల జబ్బులు. ఎంఆర్ఎల్/ఎల్‌పీఆర్‌లో జబ్బుకు మూలం ఫాస్ జన్యు లోపం. మనుషుల లూపస్‌లో అది చాలా అరుదు. బీఎక్స్ఎస్‌బీ మగ ఎలుకల్లో టీఎల్ఆర్7 రెట్టింపు ఉంటుంది. మీ మందు అడ్డుకునే మార్గం ఏ ఎలుకలో నడుస్తోందో చూసి ఎంచుకోండి. కనీసం రెండు రకాల్లో ఫలితం రాకపోతే ముందుకు వెళ్లవద్దని మా సలహా.

అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఎలుకకు ఎనిమిది వారాల వయసు నుంచే మందు మొదలుపెట్టి, జబ్బు రాలేదని సంతోషిస్తారు. కానీ మందు కోసం వచ్చే మనిషికి అప్పటికే జబ్బు ముదిరి ఉంటుంది. మూత్రంలో ప్రోటీన్ స్థిరంగా కనిపించాకే ఎలుకలను గుంపులుగా పంచండి, ఆ తర్వాతే మందు మొదలుపెట్టండి. ముదిరిన జబ్బులో కొన్ని ఎలుకలు మధ్యలోనే చనిపోతాయి కాబట్టి గుంపుకు 12 నుంచి 15 పెట్టుకోవాలి. కిడ్నీ స్లైడ్లు చదివేవారికి ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకూడదు. మనిషి ప్రోటీన్ కోసం చేసిన యాంటీబాడీ ఎలుక ప్రోటీన్‌కు చాలాసార్లు అతుక్కోదు. అది ముందే పరీక్షించుకోకపోతే ఏడాది శ్రమ బూడిదలో పోసినట్టే.

మోతాదు

మొదటిసారి మనుషులకు ఇచ్చేటప్పుడు ఒక్కరికి ఇచ్చి, గమనించి, ఆపైనే మిగతావారికి ఇవ్వాలి. 2006లో లండన్‌లో టీజీఎన్1412 అనే యాంటీబాడీని ఆరుగురు ఆరోగ్యవంతులకు కొద్ది నిమిషాల తేడాతో ఇచ్చారు. ఆరుగురూ ప్రాణాపాయ స్థితికి వెళ్లారు. అది లూపస్ మందు కాకపోయినా, రోగనిరోధక కణాలను తాకే ప్రతి మందుకూ ఆ పాఠం వర్తిస్తుంది.

లూపస్‌లో మోతాదు నిర్ణయానికి ఆరోగ్యవంతుల లెక్క సరిపోదు. రెండు కారణాలు. మొదటిది, మూత్రంలో ప్రోటీన్ ఎక్కువగా పోతున్నవారిలో యాంటీబాడీ మందు కూడా త్వరగా ఒంటి నుంచి వెళ్లిపోతుంది. లూపస్ నెఫ్రైటిస్‌లో (కిడ్నీకి పాకిన లూపస్‌లో) అనిఫ్రొలుమాబ్ రెండో దశ ట్రయల్ అందుకే రెండు మోతాదులను పరీక్షించింది: మామూలు 300 మి.గ్రా., మొదటి మూడు డోసులు 900 మి.గ్రా. ఇచ్చి ఆపై 300కు దించేది. రెండింటినీ కలిపి చూసిన ప్రధాన కొలమానంలో మందు నెగ్గలేదు. ఎక్కువ మోతాదు గుంపు ఫలితాలు మాత్రం ఆశాజనకంగా ఉన్నాయి.

రెండోది, రక్తంలో కనిపించే ప్రభావం కణజాలంలో ఉండకపోవచ్చు. సీడీ20 అనే గుర్తును పట్టి బి కణాలను (యాంటీబాడీల తయారీకి మూలమైన రోగనిరోధక కణాలను) తొలగించే రిటుక్సిమాబ్‌ను కిడ్నీ లూపస్‌లో పరీక్షించిన లూనార్ ట్రయల్ 144 మందితో జరిగి విఫలమైంది. తర్వాత తిరిగి విశ్లేషిస్తే, రక్తంలో బి కణాలు పూర్తిగా కనుమరుగైనవారిలో కిడ్నీ కోలుకోవడం మెరుగ్గా కనిపించింది. అదే సీడీ20ని మరింత బలంగా పట్టే ఒబినుటుజుమాబ్‌తో జరిగిన రీజెన్సీ ట్రయల్‌లో 271 మంది చేరారు. 76వ వారానికి కిడ్నీ పూర్తిగా స్పందించినవారు మందు గుంపులో 46.4 శాతం, ప్లాసిబో (ఉత్తుత్తి మందు) గుంపులో 33.1 శాతం. కణాలను తొలగించే మందైతే మామూలు లెక్కింపుతో సరిపెట్టకండి, అతి తక్కువ కణాలను కూడా పట్టే ఫ్లో సైటోమెట్రీ వాడండి. కుదిరితే కణజాల నమూనా కూడా చూడండి.

ఎవరిని చేర్చుకోవాలి

బెలిముమాబ్ రెండో దశ ట్రయల్‌లో 449 మంది ఉన్నారు. ప్రధాన కొలమానాల్లో మందు ఓడిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే వారిలో దాదాపు 28 శాతం మందికి చేరే సమయానికి యాంటీబాడీలే లేవు. బి కణాల మీద పనిచేసే మందును, బి కణాలు చురుగ్గా ఉన్న ఆధారమే లేనివారికి ఇచ్చారన్నమాట. మూడో దశలో ఏఎన్ఏ (సొంత కణాల కేంద్రకం మీద దాడిచేసే యాంటీబాడీ) 1:80 లేదా అంతకన్నా ఎక్కువ, లేక యాంటీ డీఎస్ డీఎన్ఏ 30 యూనిట్లు లేదా పైన ఉన్నవారినే తీసుకున్నారు. మందు గెలిచింది.

చేర్చుకునేటప్పుడు పాటించవలసినవి:

వర్గీకరణకు 2019 నాటి యూలార్/ఏసీఆర్ (యూరప్, అమెరికా కీళ్లవ్యాధి నిపుణుల సంఘాల) ప్రమాణాలు వాడండి: ఏఎన్ఏ కనీసం 1:80 ఒక్కసారైనా ఉండాలి, మొత్తం పాయింట్లు 10కి తగ్గకూడదు. ఇవి వర్గీకరణ కోసమే. వ్యాధి చురుకుదనానికి విడిగా హద్దు పెట్టాలి. మామూలుగా స్లెడాయ్ (ఒక్కో లక్షణానికి నిర్ణీత పాయింట్లు వేసి చురుకుదనాన్ని కొలిచే పట్టిక) స్కోరు 6 లేదా పైన ఉండాలంటారు. రక్తపరీక్షల పాయింట్లు తీసేశాక కూడా కనీసం 4 మిగలాలన్న షరతు తప్పక చేర్చండి. లేకపోతే రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్ల తగ్గుదలకు 2, డీఎన్ఏ యాంటీబాడీకి 2, జుట్టు రాలడానికి 2 కలిపి 6 వచ్చినవారు చేరిపోతారు. వారిలో మెరుగుపడటానికి ఒంటి మీద పెద్దగా ఏమీ ఉండదు.

కీళ్ల నొప్పిని కీళ్ల వాపుగా లెక్కించడం అన్నిటికన్నా ఖరీదైన తప్పు. ఫైబ్రోమయాల్జియా ఉన్న లూపస్ రోగికి ఒళ్లంతా నొప్పి ఉంటుంది, అలసట ఉంటుంది, ఆ బాధ నిజమైనదే. కానీ అది రోగనిరోధక శక్తిని అణిచే మందుకు లొంగదు. స్లెడాయ్‌లో ఆర్థరైటిస్‌కు 4 పాయింట్లు రావాలంటే కనీసం రెండు కీళ్లలో నొప్పితో పాటు వాపు వంటి గుర్తులు ఉండాలి. వాచిన కీళ్ల పేర్లు రాయించండి. దద్దురుకు ఫోటో తీయించండి. ఆ వివరాలను ట్రయల్‌తో సంబంధం లేని నిపుణుల బృందం చూసి ఒప్పుకున్నాకే రోగిని చేర్చాలి. దీనికి వారం రోజులు పట్టినా ఫర్వాలేదు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ పూర్తిగా పనిచేయడానికి నెలలు పడుతుంది. కాబట్టి చేరే ముందు కనీసం 12 వారాలు ఒకే మోతాదులో ఉండాలి. లేకపోతే ట్రయల్ మధ్యలో దాని ప్రభావం బయటపడి ప్లాసిబో గుంపు ఖాతాలో చేరుతుంది. రోగి దాన్ని నిజంగా మింగుతున్నారా అన్నది రక్తంలో దాని స్థాయితో తెలుస్తుంది. మిల్లీలీటరుకు 200 నానోగ్రాముల కన్నా తక్కువుంటే మాత్ర వేసుకోవడం లేదనే అర్థం. ట్రయల్‌లో చేరాక, నర్సు గుర్తుచేస్తుంటే, అదే రోగి మాత్ర మొదలుపెడతారు, మెరుగుపడతారు. ఆ మెరుగుదలకు మీ మందుతో సంబంధం లేదు. రోగిని నిందించాల్సిన పని కూడా లేదు. ముందే తెలుసుకుని, సరిచేసి, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించండి.

నల్లజాతి స్త్రీలలో లూపస్ ఎక్కువ, తీవ్రత కూడా ఎక్కువ. వారు తగినంతమంది లేకుండా వచ్చిన ఫలితం, మందు అత్యవసరమైన వారికే వర్తిస్తుందో లేదో చెప్పలేదు. కేంద్రాలను ఎంచుకునే దశలోనే దీన్ని ఆలోచించాలి. చేరికలు పూర్తయ్యాక చేసేదేమీ ఉండదు.

స్కోర్లు: ఒకే రోగి, రెండు తీర్పులు

లూపస్ ట్రయల్‌లో ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడ. రెండు మిశ్రమ కొలమానాలు వాడుకలో ఉన్నాయి.

ఎస్‌ఆర్‌ఐ-4 ప్రకారం స్పందన అంటే: స్లెడాయ్ కనీసం 4 పాయింట్లు తగ్గాలి, బైలాగ్‌లో (ఒక్కో అవయవానికి జబ్బు తీవ్రతను బట్టి ‘ఏ’, ‘బీ’, ‘సీ’ వంటి గ్రేడులిచ్చే పట్టికలో, ‘ఏ’ అన్నిటికన్నా తీవ్రం) కొత్తగా ‘ఏ’ గ్రేడు రాకూడదు, కొత్త ‘బీ’ ఒకటికి మించకూడదు, వైద్యుడి మొత్తం అంచనా, 0 నుంచి 3 దాకా ఉండే గీత మీద, 0.3 లేదా అంతకన్నా ఎక్కువ దిగజారకూడదు. రెండో కొలమానమైన బిక్లా దీన్ని తలకిందులు చేస్తుంది. మొదట్లో బైలాగ్‌లో ఏ, బీ గ్రేడులున్న ప్రతి అవయవమూ కనీసం ఒక మెట్టు మెరుగవ్వాలి, స్లెడాయ్ మాత్రం పెరగకుండా ఉంటే చాలు.

ఒక రోగిని ఊహించుకోండి. ఎనిమిది కీళ్లలో వాపు (4), దద్దురు (2), నోటిపూత (2), కాంప్లిమెంట్ తక్కువ (2), డీఎన్ఏ యాంటీబాడీ ఎక్కువ (2). మొత్తం 12. ఆరు నెలల తర్వాత వాపు రెండు కీళ్లకే మిగిలింది, దద్దురు ముప్పాతిక భాగం మాయమైంది, నోటిపూత పూర్తిగా తగ్గింది. రోగి ప్రాణం తెరిపిన పడింది. స్లెడాయ్ ఎంత? రెండు కీళ్లున్నా 4, కొంచెం దద్దురున్నా 2. తగ్గింది నోటిపూత 2 మాత్రమే. ఎస్‌ఆర్‌ఐ-4 లెక్కలో ఈ రోగి స్పందించనట్టే. బైలాగ్‌లో కీళ్లు, చర్మం బీ నుంచి సీకి దిగుతాయి కాబట్టి బిక్లాలో స్పందించినట్టు. దీనికి పూర్తిగా ఎదురు రోగి కూడా ఉంటారు: కీళ్లు, చర్మం ఎలా ఉన్నవి అలాగే ఉండి, కాంప్లిమెంట్, డీఎన్ఏ యాంటీబాడీ మామూలు స్థితికి వస్తే 4 పాయింట్లు తగ్గి ఎస్‌ఆర్‌ఐ-4లో నెగ్గుతారు.

ఇది కాగితం మీది చర్చ కాదు. అనిఫ్రొలుమాబ్ మొదటి మూడో దశ ట్రయల్ ట్యూలిప్-1లో ఎస్‌ఆర్‌ఐ-4 మందు గుంపులో 36 శాతం, ప్లాసిబోలో 40 శాతం. ఓటమి. రెండో ట్రయల్ ట్యూలిప్-2లో ఫలితాల ముసుగు తీయకముందే (ఎవరికి ఏ మందు అందిందో బయటపెట్టకముందే) ప్రధాన కొలమానాన్ని బిక్లాకు మార్చారు. మందు గుంపులో 47.8 శాతం, ప్లాసిబోలో 31.5 శాతం. ముసుగు తీయకముందు అన్న మాటే ఇక్కడ ప్రాణం. తీశాక మార్చి ఉంటే ఆ ఫలితాన్ని ఎవరూ నమ్మేవారు కాదు.

మా అభిప్రాయం: యాంటీబాడీలను నేరుగా తగ్గించే మందుకు ఎస్‌ఆర్‌ఐ, చర్మం, కీళ్ల మీద ప్రధానంగా పనిచేసే మందుకు బిక్లా నప్పుతాయి. ఏది ఎంచుకున్నా చర్మానికి క్లాసీ అనే స్కోరు, కీళ్లకు వాచిన కీళ్ల సంఖ్య విడిగా కొలవండి. స్టెరాయిడ్ రోజుకు 7.5 మి.గ్రా. మించకుండా వ్యాధి తక్కువ చురుకుదనంలో ఉండే స్థితిని కూడా లెక్కించండి. రోగి జీవితానికి దగ్గరగా ఉండే కొలత అదే.

స్కోరు వేసేవారికి శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, ఏటా మళ్లీ పరీక్షించాలి. ఒక రోగికి మొదటి రోజు నుంచి 52వ వారం దాకా ఒకే వైద్యుడు స్కోరు వేయాలి. బైలాగ్ గడిచిన నాలుగు వారాలను చూస్తుంది. స్లెడాయ్‌కు 10 రోజులా, 30 రోజులా అన్నది ప్రోటోకాల్‌లో ఒక్కటే రాయండి. స్కోరు షీటు వచ్చిన రెండు మూడు రోజుల్లో కేంద్ర బృందం తనిఖీ చేయాలి. నెల దాటితే వైద్యుడికి కూడా ఆ రోజు ఏం చూశారో గుర్తుండదు.

స్టెరాయిడ్

ప్రెడ్నిసోలోన్ పనిచేస్తుంది. అదే చిక్కు. రెండు గుంపులకూ స్టెరాయిడ్ దండిగా ఇస్తే రెండూ బాగుపడతాయి, తేడా కనిపించదు. రిటుక్సిమాబ్‌తో 257 మందిలో జరిగిన ఎక్స్‌ప్లోరర్ ట్రయల్‌లో అందరికీ మొదట్లో ఎక్కువ స్టెరాయిడ్, దానితో పాటు మరో అణచివేత మందు ఉండేవి. ఆ పొగమంచులో రిటుక్సిమాబ్ అదనంగా ఏం చేసిందో ఎవరికీ కనబడలేదు.

ప్లాసిబో గుంపులో రోగి బాధపడుతుంటే వైద్యుడు స్టెరాయిడ్ పెంచుతారు. పెంచాలి కూడా. మందు కోసం రోగిని నొప్పిలో వదిలేయకూడదు. ప్రోటోకాల్ చేయవలసిందల్లా, అలా పెంచిన క్షణం నుంచి ఆ రోగిని స్పందించనివారిగా లెక్కించడం. దీన్ని స్పష్టంగా ఇలా రాయండి:

1. చేరే ముందు కనీసం రెండు వారాలు మోతాదు మారకూడదు.
2. తొలి వారాల్లో ఒక్కసారి మాత్రమే, నిర్ణీత హద్దులో పెంచవచ్చు. ఆపై తిరిగి తగ్గించాలి.
3. రోజుకు 10 మి.గ్రా. లేదా పైన వాడుతున్నవారిలో 8వ వారం నుంచి 40వ వారం లోపు 7.5 మి.గ్రా. లేదా తక్కువకు దించే ప్రయత్నం తప్పనిసరి. ట్యూలిప్ ట్రయళ్లలో పాటించినది ఇదే.
4. 40 నుంచి 52 వారాల మధ్య మోతాదు కదలకూడదు. చివరి కొలత ఆ ప్రశాంతతలోనే జరగాలి.
5. కీలులోకి, కండలోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లనూ నమోదు చేయాలి. కీళ్ల వైద్యుడు వేరే గదిలో ఇచ్చిన ఒక్క ఇంజెక్షన్ 52వ వారం ఫలితాన్ని తారుమారు చేయగలదు.

నిబంధన మరీ బిగుసుకుపోయినా నష్టమే. ట్యూలిప్-1లో కొత్తగా మామూలు నొప్పి మాత్ర మొదలుపెట్టినవారిని కూడా స్పందించనివారిలో కలిపేశారు. తర్వాత ఆ నిబంధన సవరించి చూసినా ఎస్‌ఆర్‌ఐ-4 గెలవలేదు గానీ, మిగతా కొలమానాల్లో తేడాలు స్పష్టమయ్యాయి. నిషేధించే ప్రతి మందు పక్కనా ఎందుకు నిషేధిస్తున్నామో ఒక వాక్యం రాయండి. రాయలేకపోతే ఆ మందును జాబితా నుంచి తీసేయండి.

ఎంతమంది కావాలి

మందు గుంపులో 48 శాతం, ప్లాసిబోలో 32 శాతం స్పందిస్తారని అనుకుందాం. ఆ 16 శాతం తేడాను 90 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే గుంపుకు సుమారు 192 మంది కావాలి. ఇప్పుడు ప్లాసిబో 32 కాక 37 అయిందనుకోండి. తేడా 11కు పడిపోతుంది, కావలసినవారు గుంపుకు 420కి చేరతారు. 192 మందితోనే నడిపితే తేడాను పట్టే అవకాశం 90 నుంచి దాదాపు 59 శాతానికి జారుతుంది. నాణెం ఎగరేయడానికి దగ్గరగా వచ్చినట్టే. ప్లాసిబో స్పందనలో ఒక్కో శాతం తగ్గించడానికి పైన చెప్పిన చాదస్తమంతా ఇందుకే.

మధ్యలో మానేసినవారిని స్పందించనివారిగా లెక్కిస్తున్నప్పుడు, మొదట ఊహించే శాతాల్లోనే ఆ లెక్క కలిసి ఉండాలి. పాత ట్రయళ్ల శాతాలు తీసుకుని, మళ్లీ మానేసేవారి కోసం పైన 15 శాతం కలపడం రెండుసార్లు లెక్కించడమే.

కిడ్నీ ట్రయల్ వేరు

ఇక్కడ కిడ్నీ బయాప్సీ తప్పనిసరి, అందులో కనిపించే జబ్బు తరగతి ఇదై ఉండాలి: మూడో, నాలుగో తరగతి (ఐదో తరగతితో కలిసి ఉన్నా సరే), లేదా ఐదో తరగతి ఒంటరిగా. బయాప్సీ ఎంత తాజాదైతే అంత మంచిది. ఆరు నెలలు దాటితే మచ్చకట్టిన కిడ్నీని మంటపుట్టిన కిడ్నీగా పొరబడే ప్రమాదముంది. మచ్చ వల్ల కారుతున్న ప్రోటీన్‌ను ఏ అణచివేత మందూ ఆపలేదు. ముక్కలో కనీసం 10 గ్లోమెరులస్‌లు (రక్తాన్ని వడపోసే గుచ్ఛాలు) ఉండాలి.

ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తిని ఉదయం మొదటి మూత్రంతోనో, 24 గంటల సేకరణతోనో కొలవండి. పగలంతా తిరిగాక ఇచ్చిన నమూనా అంకెను పైకీ కిందికీ ఊపేస్తుంది. వోక్లోస్పోరిన్ అనుమతికి దారితీసిన అరోరా ట్రయల్‌లో 357 మంది ఉన్నారు. స్టెరాయిడ్‌ను 16వ వారానికి రోజుకు 2.5 మి.గ్రా.కు దించారు. 52వ వారానికి పూర్తి స్పందన 41 శాతం, ప్లాసిబోలో 23 శాతం. తక్కువ స్టెరాయిడ్‌తో కూడా కిడ్నీ ట్రయల్ సురక్షితంగా నడుస్తుందని అది చూపింది. వోక్లోస్పోరిన్ వంటి, కాల్సిన్యూరిన్‌ను అడ్డుకునే మందులు కిడ్నీ వడపోత ఒత్తిడిని తగ్గించి కూడా ప్రోటీన్‌ను తగ్గిస్తాయి. అందుకే ఈజీఎఫ్ఆర్‌ను (కిడ్నీ వడపోత వేగాన్ని) పక్కనే చూడాలి, ట్రయల్ ముగిశాక కూడా చూస్తుండాలి. బెలిముమాబ్ కిడ్నీ ట్రయల్ 104 వారాలు నడిచింది. ఏడాదిలో తీర్పు చెప్పేయాలన్న తొందర కిడ్నీ విషయంలో పనికిరాదు.

నమూనాలు

ఇంటర్‌ఫెరాన్ జన్యువుల పరీక్షకు ఆర్ఎన్ఏ నిలబెట్టే పాక్స్‌జీన్ ట్యూబులో 2.5 మి.లీ. రక్తం తీసి, 8 నుంచి 10 సార్లు మెల్లగా తిరగేసి, గది ఉష్ణోగ్రతలో కనీసం రెండు గంటలు ఉంచాకే ఫ్రీజర్‌లో పెట్టాలి. ఆ రెండు గంటలు దాటేస్తే ఆర్ఎన్ఏ సరిగా రాదు. సిరలోకి భారీ మోతాదు స్టెరాయిడ్ ఇచ్చే రోగి నుంచి ఇవ్వకముందే రక్తం తీయండి. ఆ స్టెరాయిడ్ ఇంటర్‌ఫెరాన్ సంకేతాన్ని తాత్కాలికంగా తుడిచేస్తుంది. కాంప్లిమెంట్ విరిగిన ముక్కలు కొలవాలంటే ఈడీటీఏ ట్యూబు, మంచు మీద రవాణా, మైనస్ 80 డిగ్రీల నిల్వ. డీఎన్ఏ యాంటీబాడీకి ఒకే ల్యాబ్, ఒకే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా. మధ్యలో కిట్ మారితే ముందు అంకెలను తర్వాతి అంకెలతో పోల్చలేం.

భద్రత

లూపస్ ట్రయల్‌లో రోగిని బలితీసుకునేది ఎక్కువగా ఇన్ఫెక్షనే. బి కణాలను అణిచే అటాసిసెప్ట్‌ను మైకోఫెనొలేట్ అనే అణచివేత మందుతో కలిపి కిడ్నీ లూపస్‌లో పరీక్షించిన ట్రయల్, ఐజీజీ (రక్తంలోని ప్రధాన రక్షక యాంటీబాడీ) అనూహ్యంగా పడిపోవడం, తీవ్ర ఇన్ఫెక్షన్లు రావడంతో ఆరుగురితోనే ఆగిపోయింది. బి కణాలను తాకే ఏ మందుకైనా ఐజీజీని ముందు కొలిచి, నెలనెలా చూసి, ఏ అంకె దగ్గర మందు ఆపాలో ప్రోటోకాల్‌లోనే రాయండి. రోగికి జ్వరం వచ్చినప్పుడు అది లూపస్సా, ఇన్ఫెక్షనా తేలేదాకా తర్వాతి డోసు ఇవ్వకండి.

అనిఫ్రొలుమాబ్‌తో హెర్పెస్ జోస్టర్ పెరిగింది: ట్యూలిప్-2లో 7.2 శాతం, ప్లాసిబోలో 1.1 శాతం. ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ల మీద మన కాపలాదారు కాబట్టి ఇది ఊహించదగ్గదే. జీవం లేని జోస్టర్ టీకా రెండు డోసులూ చేరికకు ముందే వేయించండి. జీవ టీకాలు ట్రయల్‌లో ఉండగా వద్దు.

లూపస్ రోగుల్లో పదికి తొమ్మిది మంది స్త్రీలు, ఎక్కువగా పిల్లలను కనే వయసువారు. మైకోఫెనొలేట్ పిండానికి హాని చేస్తుంది. ఆపి కనీసం ఆరు వారాలు గడిచాకే గర్భం గురించి ఆలోచించాలి. యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నవారికి ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఇవ్వకూడదు, రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. గర్భనిరోధకం వాడాలి అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోకుండా, ఎవరికి ఏది సరిపోతుందో పట్టిక ఇవ్వండి.

కార్-టీ వంటి కణ చికిత్సలు

2022లో జర్మనీలోని ఎర్లాంగెన్ బృందం, మిగతా మందులకు లొంగని ఐదుగురు లూపస్ రోగులకు బి కణాల మీది సీడీ19ను గురిపెట్టిన కార్-టీ కణాలు (రోగి సొంత టి కణాలనే జన్యుపరంగా మార్చి తిరిగి ఎక్కించేవి) ఇచ్చింది. మోతాదు కిలో బరువుకు పది లక్షల కణాలు, దానికి ముందు ఫ్లూడారాబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు. మూడు నెలలకు ఐదుగురూ ఉపశమనంలోకి వచ్చారు. సగటున సుమారు 110 రోజులకు బి కణాలు తిరిగొచ్చినా జబ్బు తిరిగిరాలేదు. ఇది ఎంతో ఆశ కలిగించే ఫలితం. అయినా ఐదుగురి ఫలితం ఐదుగురిదే. పోల్చడానికి మరో గుంపు లేదు.

ఈ దారిలో వెళ్లేవారు మూడు విషయాలు ముందే సర్దుకోవాలి. టి కణాలు సేకరించే ముందు మైకోఫెనొలేట్ వంటివి ఆపి, స్టెరాయిడ్ వీలైనంత తగ్గించాలి. లేకపోతే కణాలు సరిగా పెరగవు. ఆ ఖాళీలో జబ్బు రేగితే ఏం చేయాలో రాసిపెట్టుకోవాలి. సైక్లోఫాస్ఫమైడ్ అండాశయాలను దెబ్బతీయగలదు కాబట్టి అండాలు భద్రపరచుకునే అవకాశం గురించి మొదటి సంభాషణలోనే చెప్పాలి.

రెండో దశ ఫలితాన్ని ఎలా చదవాలి

ఉస్టెకినుమాబ్ రెండో దశలో 102 మందిలో 62 శాతం స్పందన చూపింది, ప్లాసిబోలో 33 శాతం. మూడో దశను 2020లో ఫలితం లేదని ఆపేశారు. బారిసిటినిబ్‌పై ఒకేలాంటి రెండు మూడో దశ ట్రయళ్లు నడిచాయి: ఒకదానిలో 4 మి.గ్రా. మోతాదు 57 శాతం, ప్లాసిబో 46. రెండోదానిలో 47, 46. కాబట్టి చిన్న ట్రయల్‌లో పెద్ద తేడా కనిపిస్తే ముందుగా ప్లాసిబో గుంపు ఎందుకంత తక్కువుందో అడగండి. మూడో దశ లెక్కలకు రెండో దశలో వచ్చిన తేడాలో మూడింట రెండు వంతులే తీసుకోండి. ఏదో ఒక ఉపగుంపులో మందు మెరిసిందంటే దాన్ని తర్వాతి ట్రయల్‌కు ప్రశ్నగా మార్చండి. బెలిముమాబ్ అలాగే నెగ్గింది.

డేటాబేస్‌కు తాళం వేసే ముందు, ఎవరికి ఏ మందు అందిందో తెలియని స్థితిలోనే, ఒక్కో రోగి ఫైలు తెరిచి స్టెరాయిడ్ పెంపు, నిషిద్ధ మందు, తప్పిపోయిన విజిట్, స్కోరులో పొంతన లేని చోట్లు చూసి స్పందన ఉందో లేదో తేల్చి సంతకం పెట్టండి. 400 మంది ఫైళ్లకు ముగ్గురు కూర్చుంటే రెండు మూడు వారాల పని. ఆ సంతకాలు పూర్తయ్యేదాకా ముసుగు తీయవద్దు.